కలిసొచ్చిన నంబరు

అత్తయ్యగారికి నమస్కారాలు.

గాలివానకు టవరు కూలి మీ ఫోను పలకడం లేదు కాబట్టి ఈ ఉత్తరం పాల వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. గుడ్లు పిల్లలయ్యే చివరి రోజుల్లో పెట్టుకునే కొత్త యంత్రం కూడా ఆ వ్యానులోనే వస్తోంది. రోగానికి కోళ్ళన్నీ పోగా మీ అత్తగారి నాటి ఆ జాతికి పాత యంత్రంలో పొదుగుతున్న ఈ గుడ్లే మిగిలాయి. అందుకని కాస్త నిదానంగా చదవండి.

యంత్రాన్ని ముందు నేరుగా కంప్యూటరుకు వైరుతో కలపండి. తెర మీద ఐపీ అడ్రసు అనే గడి వస్తుంది. అందులో నాలుగు ముక్కల నంబరు ఉండేలా చూసి సేవ్ నొక్కండి. ఆ తరవాతే పాత యంత్రం పక్కన కలపండి. ఇక వేడి చూడడం, పెంచడం, తగ్గించడం అన్నీ కుర్చీలో కూచునే.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. మామయ్యగారికి స్క్రూడ్రైవరు దొరకనివ్వకండి.

---

అల్లుడుగారికి అత్తయ్య ఆశీస్సులు.

యంత్రం క్షేమంగా చేరింది. మీరు చెప్పినట్టే చేసి గుడ్లన్నీ అందులోకి మార్చాను. పాత యంత్రం కడిగి, తడి ఆరడానికి ఖాళీగానే సన్న వేడి మీద పెట్టాను. కంప్యూటరుతోనే చిక్కు. ఒకసారి వేడి సరిపోయిందంటుంది, మరుక్షణం చల్లబడిందంటుంది. పూటకో మాట మాట్లాడే మనిషిని ఇంట్లో ఒకరిని భరిస్తున్నాను, చాలదూ? చల్లబడిందన్నప్పుడల్లా కాస్త వేడి పెంచుతున్నాను.

ఉంటాను,
అత్తయ్య

తా.క. నంబరు గురించి బెంగపడకండి. పాత యంత్రానిదే దీనికీ. ఆ నంబరు మీద ఇన్నేళ్ళలో ఒక్క దఫా గుడ్లు కూడా మురగలేదు. కలిసొచ్చినదాన్ని వదులుకుంటామా?

---

అత్తయ్యగారికి,

నమస్కారం తరవాత పెడతాను. ముందు మీరు కంప్యూటరు ముందునుంచి లేవండి.

రెండు యంత్రాలకూ ఒకే నంబరుంటే ఏది పలుకుతోందో కంప్యూటరుకు తెలియదు. తెర మీది చలి ఖాళీ యంత్రానిది. మీరు పెంచే వేడి మాత్రం గుడ్లకు తగులుతూ ఉండొచ్చు. ఇంట్లో ఏ థర్మామీటరుంటే అది గుడ్ల మధ్య పెట్టి చూడండి. జ్వరం లెక్కన వంద దాటితే తలుపు తీసేయండి. పాత యంత్రం నుంచి కంప్యూటరుకు వెళ్ళే సన్న వైరు పీకండి. కరెంటు వైరు కాదు! కొత్తదానికి నంబరు మార్చండి, చివరి ముక్క వేరేది పెడితే చాలు.

కలిసిరావడాలు నంబర్లకు ఉండవండీ. ఏ యంత్రం నంబరు దానికుండాలి. ఈ పనిలో ఇది ఓనమాలు. అది కూడా తెలియనివాణ్ణి మా ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వరు.

ఇట్లు,
కంగారులో అల్లుడు

తా.క. మీ అమ్మాయి నా భుజం మీదుగా ఇది చదివింది. ఇప్పుడు వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి.

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ జవాబు లేదు. వ్యాను వాగు అవతల ఆగిపోయిందట. పశువుల డాక్టరు అటు వస్తుంటే ఆయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఎంత పెంచినా తెర మీద చలే. నాకు చేతులాడడం లేదు బాబూ. గుడ్లలో కదలిక కూడా మొదలైంది. ఇప్పుడు చల్లబడితే అన్నీ పోతాయి. ఇంకాస్త పెంచాను.

అత్తయ్య

తా.క. మీ మామయ్యగారు యంత్రానికి దుప్పటి కప్పారు. జీవితంలో మొదటిసారి నేను ఆయన్ని కాదనలేదు.

---

అత్తయ్యగారూ, దుప్పటి తీయండి! మిగతాది నిన్నటి ఉత్తరంలో ఉంది.

అల్లుడు

తా.క. మామయ్యగారు మళ్ళీ కప్పకుండా దుప్పటి దాచేయండి.

---

అల్లుడుగారికి అత్తయ్య ఆశీస్సులు.

వాగు తగ్గి వ్యాను రాగానే మీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. ఇంట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరు. పెట్టి తీస్తే నూట నాలుగు! దుప్పటి లాగి, తలుపు తెరిచి, మీ మామయ్యగారు పేపరుతో విసురుతుంటే నేను పక్కన కూలబడి ఏడ్చాను. ఆ జాతి మా అత్తగారు నాకప్పగించింది. నా చేతుల్లోనే అంతమైపోతుందని భయమేసింది.

నిన్న భోజనాల వేళకు ఒక గుడ్డు చిట్లింది. ఆ వెనకే ఇంకోటి. కొన్ని దక్కలేదు. దక్కినవి మాత్రం ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాయి.

మీరు చెప్పినట్టే కొత్తదానికి వేరే నంబరు పెట్టాను. అప్పుడే దాని వెనక అతికించిన కాగితం కంటబడింది. మన కలిసొచ్చిన నంబరు దాని మీద అచ్చేసి ఉంది! ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ ముందుగా అదే పెట్టి పంపుతారట. బిగించేవాళ్ళు వెంటనే మార్చాలట. గడిలో అది ముందే కనిపిస్తే శుభసూచకమనుకుని నేను ముట్టుకోలేదు. అనుమానమొచ్చి పాత యంత్రం తిప్పి చూస్తే దాని వెనకా అదే కాగితం, అదే నంబరు.

నేనంటే తెలియనిదాన్ని. పాతదాన్ని బిగించింది, మీ పెళ్ళైన కొత్తలో, ఎవరు బాబూ?

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. ఇన్నేళ్ళూ మాకు కలిసొచ్చింది మీ బద్ధకమన్నమాట. ఈ సంగతి అమ్మాయికి విడిగా రాశాను. ఆ ఉత్తరమూ ఈ వ్యానులోనే వస్తోంది.