రక్తపు చుక్క మీద కుంకుమ

సెప్టెంబరు 9
పొద్దున్నే ధర్మసాగర్ నుంచి చెల్లి స్వప్న ఫోన్. "అక్కా, మా అంగన్‌వాడీల ఒక పోరికి ఒళ్ళంత దద్దులు. నిన్న పొద్దుమూకేదాక నా ఒడిలనే ఉన్నది." డాక్టరు రుబెల్లా అన్నాడట. ఆ పిల్లకు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. స్వప్నకు మూడో నెల... అంటుకుంటే కడుపులో బిడ్డ కళ్ళకు, చెవులకు, గుండెకు ముప్పు.

చిన్నప్పుడు దీనికి టీకా వేయించావా అని అమ్మను అడిగాను. "ఏసినట్టే ఉన్నది బిడ్డా." ఏసినట్టే!

సెప్టెంబరు 10
నేనే వెళ్ళి స్వప్న వేలు పొడిచి, రక్తపు చుక్కలు ఆరబెట్టే మా ల్యాబ్ కార్డు మీద రక్తం తీసుకొచ్చాను. అట్టముక్క మీద అచ్చేసిన గుండ్రాలన్నీ నిండాయి. వెంటనే తీయడం మంచిదైంది. ఈ చుక్కలో రక్షణ, అంటే యాంటీబాడీలు, కనిపిస్తే అది పాతదే, బిడ్డకు భయం లేదు. ఆలస్యంగా తీస్తే పాతదో, ఇప్పుడు అంటుకుని వచ్చిందో చెప్పడం మా కిట్ వల్ల కాదు.

సెప్టెంబరు 12
ల్యాబ్‌లో మా సార్: "ఒక్క కార్డు కోసం కిట్ విప్పుతరా? ప్లేటు నిండనీయి."
చాలా కార్డులను ఒకేసారి పరీక్షించే ప్లేటు అది; నర్సంపేట ఆసుపత్రి కార్డులు వస్తేనే నిండుతుంది.

సెప్టెంబరు 18
రాలేదు.

సెప్టెంబరు 23
నర్సంపేటకు ఫోన్ చేశాను. "బతుకమ్మ అయినంక పంపుతం మేడం, జర ఆగుండ్రి." జర! వైరస్‌కు బతుకమ్మ సెలవులుంటాయా? సార్‌ను మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే పాట.

సెప్టెంబరు 26
స్వప్న... "అక్కా, ఏమన్న తెల్సిందా? మా అత్త ఒకటే ఫికర్ చేస్తాంది." అత్త మీద పెట్టి చెప్తోంది, దీని ఫికరే అది.

సెప్టెంబరు 30
వచ్చాయి! ఎట్టకేలకు. సార్ ఇంటికి బయల్దేరుతూ అన్నీ బల్ల మీద వరసగా పేర్చమన్నారు, పండగ కాగానే మొదలుపెడదామని. స్వప్నది అన్నిటికంటే ముందు పెట్టాను. ఊడుస్తున్న యాదమ్మకు చూపించి మరీ చెప్పాను — ఇది మా చెల్లెది, పైలం.

అక్టోబరు 2
దసరా. గాంధీ జయంతి కూడా ఇవాళే. ముక్క లేదని మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఎవరి బాధ వాళ్ళది.

అక్టోబరు 3
తలుపు తీస్తే అగరొత్తుల వాసన. యాదమ్మ ఆయుధపూజ చేసింది. మిషన్లకు బంతిపూలు, ఫ్రిజ్ మీద నిమ్మకాయ — సరే, ఏటా ఉండేదే. కానీ కార్డులు! ముందు వరసలో ప్రతి కార్డుకూ ఒక రక్తపు చుక్క మీద తడి పసుపు, దాని మీద కుంకుమ.

"గుండ్రంగ గీసి ఉన్నయ్ గదా మేడం, బొట్టుకే అనుకున్న. మీ చెల్లె కార్డుకు అన్నిట్ల పెట్టిన. కడుపుల పిల్ల సల్లగుండాలని."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. స్వప్న కార్డంతా వెతికాను, ఒక్క చుక్కయినా మిగల్లేదు.
సార్: "మల్ల తీస్కరా. దాందేమున్నది?" దాందేమున్నదట! ఆ రోజు రక్తం మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

అక్టోబరు 4
మళ్ళీ ధర్మసాగర్. మళ్ళీ అదే వేలు. విషయం విని స్వప్న పడీ పడీ నవ్వింది. "పాపం, మంచికే పెట్టింది గదనే."

అక్టోబరు 7
ప్లేటు పెట్టాం. స్వప్నకు రక్షణ ఉంది. బాగా ఉంది. సార్ భుజం తట్టారు. ఎప్పటిది సార్, అన్నాను. "ఒంటికేం రాలేదు గదా, ఎందుకంత పరేషాన్?" చాలామందికి దద్దులు రాకుండానే రుబెల్లా వచ్చి పోతుందని ఆయనకు తెలియదా? కొత్తదా పాతదా తేల్చే కిట్ మా దగ్గర లేదు. హైదరాబాదుకు పంపాలి. వాళ్ళు తీసుకుంటారో లేదో సార్ కనుక్కుంటారట. ఎప్పుడు కనుక్కుంటారు?

సాయంత్రం స్వప్న ఫోన్.
"ఉన్నదా అక్కా?"
"ఉన్నది."
అంతే, అవతల ఇల్లంతా ఒకటే సంబరం. అత్తకు చెప్తోంది, మొగుడికి చెప్తోంది. మళ్ళీ ఫోన్లోకి వచ్చి, "యాదమ్మకు చీర పెడ్తనే అక్కా. ఆమె బొట్టు పనిజేసింది."

ఎప్పటి నుంచి ఉందని అది అడగలేదు. నేను చెప్పలేదు.