పెటూనియాల మతిమరుపు

లిస్సె,
17 జూన్ 1994, శుక్రవారం.

గౌరవనీయులైన డాక్టర్ హిస్కె గారికి,

మీ గ్రీన్‌హౌస్ తోటమాలి నేలిస్ టోపీ తీసి పక్కన పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మా ఆవిడ ఆల్చె క్షేమం. మీరూ మీ పిల్లీ కులాసా అని తలుస్తాను.

సోమవారం మీ పరిశోధన పత్రం పత్రికకు వెళ్తుందనీ, దాంతో ప్రొఫెసర్ పదవి ఖాయమనీ అందరూ చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం రెండు రోజులుగా నాకెంతో ఇష్టమైన కొత్త హెర్రింగ్ చేప కూడా తినబుద్ధి కావడం లేదు. ఉల్లిపాయ ముక్కలు వేసిచ్చినా వద్దన్నానని ఆల్చె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఊదా పెటూనియాలో ఇంకో ఊదా జన్యువు పెడితే రంగు ముదురుతుందని మీరు ఆశపడితే పువ్వు తెల్లబోయింది. మీ అత్తగారు వచ్చినప్పుడు మీ ఇద్దరిలాగే రెండు జన్యువులూ నోరు మూసుకున్నాయి నేలిస్, అన్నారు మీరు. ఆ మౌనం పిల్ల మొక్కలకూ వచ్చింది. మనవల తరానికీ వస్తుందా అన్నదే మీ పదేళ్ళ ప్రశ్న. నిరుడు మీరు వియన్నా వెళ్ళొచ్చేసరికి ఆ తరం మొక్కలు నలభై ఆరూ ఊదాగా పూసి ఉన్నాయి. మరిచిపోయాయి నేలిస్, అన్నీ మరిచిపోయాయి అంటూ నన్ను కౌగిలించుకుని, అందరికీ కేకు తెచ్చారు. నేను రెండు ముక్కలు తిన్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మీ కొత్త టోపీ బకెట్‌లా ఉందని మొహం మీదే చెప్పినవాణ్ణి. డైరెక్టరు గారి ప్రసంగానికి నిద్రొచ్చిందని వారితోనే చెప్పినవాణ్ణి. ఈ ఒక్క మాటకే ఏడాదిగా నోరు పెగల్లేదు. డాక్టరమ్మ సంతోషం పాడుచెయ్యలేక అని ఆల్చెతో అంటే, ఉద్యోగం పోతుందని భయం, దానికి పూలదండలు వెయ్యకు అంది. ఆమె మాటే నిజం.

ఇక ఉంటాను. వాతావరణం బాగుంది. గంట కొట్టే ధైర్యం లేక ఈ ఉత్తరాన్ని మీ తలుపు సందులోంచి లోపలికి తోసి సైకిలెక్కుతాను.

మీ విధేయుడు,
నేలిస్

తా.క.: మా నాన్న తులిప్ పొలాల్లో రోగం వెతికే మనిషి. పువ్వులో చార కనిపిస్తే అది తెగులు, పక్క మొక్కకు అంటకముందే పీకెయ్యాలి. ఆరేళ్ళ వయసులోనే నాకది నేర్పాడు. మీరు వియన్నాలో ఉండగా మీ మనవల తరం తెల్ల చారలతో పూసింది. అంతకుముందు తరాలను మీరు లోపలి గదిలో పెంచారు, నేను చూసి ఎరగను. తెగులనుకుని నలభై ఆరూ పీకేశాను. మీరు ఏడుస్తారని ఆ కుండీల్లో పక్క బల్ల మీది మామూలు ఊదా మొక్కలు నాటాను. ఆ తెల్ల చారలే మౌనానికి గుర్తనీ, అవి వస్తాయా రావా అనే మీరు పదేళ్ళు ఎదురుచూశారనీ కేకు తింటుంటే తెలిసింది. కాల్చెయ్యమని నేనిచ్చిన ఆ చారల మొక్కల్ని ఆల్చె మా కిటికీ కింద నాటింది. ఈ ఏడు వాటి గింజలూ మొలిచి తెల్ల చారలతోనే పూశాయి. పత్రం పంపకండి. రేపు మీ లెక్కల పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చి లెక్కపెట్టుకోండి. ఒక్కటీ మరిచిపోలేదు.