ఐగుప్తు రోగాలు

ఫిబ్రవరి 7, బుధవారం

ఈ దేశం వచ్చినంత మాత్రాన ఈ దేశపు రోగం నిన్ను పట్టుకుంటుందా? చెప్పు, పట్టుకుంటుందా?

బుధవారం ప్రార్థన కూడికలో నా ప్రసంగం ఇలాగే మొదలుపెట్టాను. టైర్ల షాపు మీద గది. కుర్చీలు చాలక మెట్లమీద కూడా కూర్చున్నారు. రొమ్ము కాన్సర్ ఇక్కడి ఆడవాళ్ళ జబ్బు, మనవాళ్ళలో ఎవరికైనా వచ్చిందని విన్నారా అన్నాను. బైబిల్లోంచి, ఐగుప్తు, అంటే ఈజిప్టు, రోగాలేవీ తన ప్రజలమీదికి రానివ్వనని దేవుడిచ్చిన మాట తీసి చదివాను. మైకు కుయ్యిమంది. మరిది, చెల్లి మొగుడు, నన్ను మైకు వదిన అంటాడు, మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినబడతానట. మొదటి వరుసలో చెల్లి అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది.

ఫిబ్రవరి 12

చెల్లి వంటగదిలో గిన్నెలు తుడుస్తూ చెప్పింది. కుడి రొమ్ములో బఠాణీ అంత గడ్డ తగిలిందట. డాక్టరు స్కాన్‌కి రాస్తే అపాయింట్‌మెంట్ కూడా తీసుకుందట. నా ప్రసంగం విన్నాక ఫోన్ చేసి వద్దనేసిందట. నువ్వే చెప్పావుగా అక్కా మనకి రాదని, అని నవ్వింది. నేనూ నవ్వాను. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

మార్చి 19

చెల్లి కూరగాయల సంచి కుడి చేతిలోంచి ఎడమ చేతికి మార్చుకుంది. చూసీ చూడనట్టు ముందు నడిచాను.

ఏప్రిల్ 9

నేను పనిచేసే లాండ్రీకి రొమ్ము స్కానింగ్ వ్యాన్ వచ్చింది. యాభై దాటిన ఆడవాళ్ళందరూ వెళ్ళాలని సూపర్‌వైజర్ వెంటపడితే, ఇస్త్రీ మెషీన్ ఆపి వెళ్ళాను. నర్సు వయసడిగింది. యాభై ఎనిమిది. ఈ దేశం ఎప్పుడొచ్చారంది. నా ఒంటికీ నా వీసాకీ ఏంటమ్మా సంబంధం అన్నాను. ఉందండీ అంది. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందట. ఇది తక్కువున్న దేశంలోంచి ఎక్కువున్న దేశానికి వచ్చినవాళ్ళు, ఏళ్ళు గడిచేకొద్దీ ఇక్కడివాళ్ళకి దగ్గరవుతారట. ఎంత చిన్నప్పుడొస్తే అంతగా. తిండి, కాన్పులు, బతికే తీరు, ఎన్నో కారణాలట. వచ్చి తీరుతుందని కాదు, మాకు రాదులే అనుకోవద్దంతే అంది.

నేను ముప్పై తొమ్మిదేళ్ళకి వచ్చాను. చెల్లిని ఆరేళ్ళప్పుడే పిన్ని పెంచుకుంటానని తెచ్చుకుంది. ఇప్పుడు దానికి నలభై ఏడు. చెప్పాను. గడ్డ సంగతీ చెప్పాను. నర్సు టైపు చేయడం ఆపింది.

వెనక్కి వెళ్ళి దుప్పట్లు ఇస్త్రీ చేశాను. వేడి తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం

ఆ వాక్యం మళ్ళీ చదివాను. దేవుడు ఆ మాట ఇచ్చింది ఐగుప్తు వదిలి బయటికి నడిచినవాళ్ళకి. మేము లోపలికి వచ్చినవాళ్ళం. ఇన్నేళ్ళూ వేలు పెట్టి మరీ చదివాను.

ఏప్రిల్ 10

స్కాన్‌కి పద అంటే చెల్లి వినలేదు. స్టేజీ మీద ఒక మాట, వ్యాను దిగేసరికి ఇంకో మాటా అంది. నీ విశ్వాసం చల్లారితే నాదీ చల్లారాలా అంది. గడ్డ ఇప్పుడు ద్రాక్షపండంత అయిందట. బస్సు లేటయిందని చెప్పినట్టు చెప్పింది. తలుపు దగ్గర మరిది, మైకులో ఎక్కించింది వంటింట్లో దిగదు వదినా అన్నాడు. ఈసారి వేళాకోళానికి కాదు.

ఏడుద్దామనుకున్నాను. రాలేదు.

ఏప్రిల్ 15

నాది క్లీన్ అని మెసేజ్. ఏమీ అనిపించలేదు. నర్సుకి ఫోన్ చేశాను. బుధవారం పొద్దున పదకొండింటికి చెల్లికి స్కాన్ అపాయింట్‌మెంట్ ఇప్పించింది. చెల్లికి తెలియదు.

ఏప్రిల్ 17, బుధవారం పొద్దున, కూడికకి ముందు

పాటలు వద్దన్నాను. మరిది కారు టైర్ల షాపు ముందే ఉంది. మైకులో చెప్పాల్సింది ఇంతే.

నేను తప్పు చదివాను. ఆ రోజు మీరు చెప్పిన ఆమెన్ వెనక్కి తీసుకోండి. చిన్నప్పుడే ఇక్కడికొచ్చినవాళ్ళు, వయసు మీదపడుతున్నవాళ్ళు, గడ్డ తగిలినా నోరు మూసుకున్నవాళ్ళు, ఫోన్ తియ్యండి. చెల్లీ, ముందు నువ్వు. లే. చెప్పులేసుకో. ప్రార్థన కారులో చేసుకుందాం. ఇవాళే.