రెండో సీటుకి దీపం

బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ దుకాణంలో దీపాలూ క్షేమమని తలుస్తాను.

విమానం పూర్తయింది. నవ్వకు. ఇన్నేళ్ళుగా షెడ్డులో నేను కడుతున్నది పడవ అనీ, కోళ్ళగూడు అనీ వీధిలో ఎవరికి తోచింది వాళ్ళన్నారు. రెక్కలు బిగించేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగారు వచ్చి అంతా తట్టి చూసి, ఇంజను భేషుగ్గా ఉందన్నారు. ఉద్యోగమంతా బస్సుల కింద పడుకుని చేసినవాణ్ణి, ఇంజను బాగోక ఏమవుతుంది? ఒక్కటే తక్కువన్నారు, లోపల దీపం. పొద్దుగూకే వేళ ఎగరాలంటే ముందున్న మీటర్లు కనపడాలి కదా.

ఆ వేళకే ఎందుకు ఎగరాలంటావా? మా పెళ్ళైన కొత్తలో, నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో, నేనూ మీ అక్కా బస్సు డిపో మేడ ఎక్కి ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే వెలగడం చూసేవాళ్ళం. సగం దీపాలైనా వెలగకముందే "ఇక దిగుదాం" అని లేచేది. ఏనాడూ చివరిదాకా చూడలేదు. అది చూపించాలనే రెండు సీట్లు పెట్టాను. తీరా అంతా అయ్యాక ఆవిడ ఇటువైపే రావడం లేదు. "సీటు సరిపోయిందో లేదో కూర్చుని చూడు" అంటే "చూద్దాంలెండి" అంటుంది. ఆ మాటకి అర్థమేమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు తోడబుట్టినవాడివి, కారణమేమై ఉంటుందో చెప్పు. అలాగే మంచి దీపం ఒకటి పంపు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఆ సీటు మీ అక్క కొలతలకే చేశాను. టేపు పట్టుకుని కొలుస్తుంటే కొత్త సోఫా చేయిస్తున్నాననుకుని కొన్నాళ్ళు నన్నెంతో ప్రేమగా చూసింది.

*

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

గది చూడకుండా దీపం అమ్మకూడదని నాన్న పెట్టిన నియమం. గోడల రంగేమిటి, ఎవరెక్కడ కూర్చుంటారు, ఎవరు చదువుతారు, ఎవరు కునుకు తీస్తారు అని అన్నీ అడిగిగానీ ఆయన బల్బు కూడా చేతికిచ్చేవారు కాదు. మీరేమో ఒక్క ముక్కలో విమానం అనేశారు. ఇద్దరు కూర్చునే చిన్న గది, చుట్టూ అద్దాలు అనుకుని, గొలుసుతో వేలాడే ఇత్తడి దీపం పంపుతున్నాను. చిన్నప్పుడు నాన్న దుకాణంలో అక్క రోజూ తుడిచి మురిసిపోయిన దీపం అచ్చం ఇలాగే ఉండేది. సరిగ్గా గది మధ్యలో తగిలించండి.

ఇక అక్క ఎందుకు ఎక్కదంటే, నన్నడిగారు కాబట్టి చెప్పేస్తున్నాను. చీకటి. అక్కకి చిన్నప్పటినుంచీ చీకటంటే హడల్. పడుకునేముందు నాన్న దీపం ఆర్పబోతే "వద్దు నాన్నా, నాకు భయం" అని గోలపెట్టేది. నేను అప్పటికి పసివాణ్ణి. ఇంత పెద్ద పిల్లకి అంత భయమేమిటా అని పక్క మంచం మీంచి జాలిపడేవాణ్ణి. మీ ఇంట్లో మాత్రం? డిపో నుంచి పరుగున వచ్చి గదిగదికీ వెళ్ళి లైట్లు వేసేది. నేను బయట మెట్ల మీద, వీధి దీపం కింద చదువుకుంటూ అన్నీ చూసేవాణ్ణి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. గొలుసు పొడవు చాలకపోతే మొహమాటపడకండి, ఇంకొంచెం పంపుతాను.

*

బావమరిదికి ఆశీస్సులు.

దీపం అందింది. వంటింటి కాటాలో వేసి తూచాను. నాయనా, విమానంలో మేకుని కూడా తూచి కొడతారు. రాత్రి భోజనం మానేసి ఏడాది పొడుగునా నేను తగ్గించిన పొట్టంతా నీ దీపం ఒక్కటే మింగేసింది. పైగా విమానం పక్కకి ఒరిగినప్పుడల్లా అది నా చెవి మీద ఒకటి ఇచ్చుకుంటుంది. ఇది డ్రాయింగు రూము కాదయ్యా!

అయినా నువ్వు నా కళ్ళు తెరిపించావు. ఇంతకాలం కాపరం చేసి కూడా ఆవిడ భయం నేను కనిపెట్టలేకపోయానే అని మనసు కలుక్కుమంది. డిపో మేడ మీద కబుర్లలో పడి నేను కదలకపోతే ఎంత బాధపడి ఉంటుందో! సరే, చీకటన్నది లోపలికి రాకుండా చేద్దాం. తేలిగ్గా అంటించే లైటు పట్టీలు ఉంటాయట కదా, బ్యాటరీ మీద వెలిగేవి. ఎన్నుంటే అన్ని పంపు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఇత్తడి దీపం మీ అక్క వంటింట్లో తగిలించుకుంది. దాని కింద కూర్చుని ఎంత హాయిగా ఉల్లిపాయలు తరుగుతోందో! వంటింటికే రెక్కలు కట్టి ఉంటే పోయేది.

*

బావగారికి నమస్కారాలు.

పట్టీలు పంపాను. పైకప్పుకి రెండు, కాళ్ళ దగ్గర ఒకటి, సీటు వెనక ఒకటి, సీటు కింద ఒకటి. అక్క చుట్టూ ఎక్కడా నీడ పడకూడదు. నీడే కదా చీకటికి మొదలు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. సీటు కింద పట్టీ తీసేయకండి. చెప్పు జారిపోతే వెతుక్కోవచ్చు.

*

బావమరిదికి,

ఆశీస్సులు. అన్నీ అంటించి నిన్న సాయంత్రం షెడ్డులో స్విచ్చి వేశాను. వీధి వీధంతా వచ్చేసింది, కొత్తగా ఐస్‌క్రీం షాపు పెట్టామనుకుని. ఒకావిడ గిన్నె కూడా తెచ్చుకుంది.

నేను లోపల కూర్చుని ముందుకి చూశాను. బయట ఏమీ లేదు. అద్దం నిండా నా ముఖమే. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ముఖమే, దీనికోసం విమానం కట్టాలా? ఇన్‌స్పెక్టరుగారు కూడా ఎక్కి చూసి, "ఇందులో గడ్డం గీసుకోవచ్చుగానీ ఎగరలేమండీ" అన్నారు. లోపల వెలుగు ఎక్కువైతే అద్దం మనల్నే చూపిస్తుందట. చిన్న ఎర్ర దీపం ఒకటి పెట్టుకుని, దాన్ని తగ్గించుకునే మీట ఒకటి పెట్టుకోవాలట. ఎర్ర వెలుగులో చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరవట.

అంటే ఏమిటి? బయట దీపాలు కనపడాలంటే లోపల చీకటిగా ఉండాలి. లోపల చీకటిగా ఉంటే మీ అక్క ఎక్కదు. నా వల్ల కాదురా అబ్బాయ్. రెండో సీటు ఊడదీసి అక్కడ పెట్రోలు ట్యాంకు పెట్టేద్దామనుకుంటున్నాను. ఆవిడ పక్కన లేకుండా నేనొక్కణ్ణే చూడటానికి ఇంత కష్టం దేనికి? చాలా దిగులుగా ఉంది.

ఇట్లు,
మీ బావ

తా.క. గిన్నె తెచ్చుకున్నావిడ ఇంకా అడుగుతూనే ఉంది, షాపు ఎప్పుడు తెరుస్తారని.

*

బావగారికి నమస్కారాలు.

తొందరపడి సీటు మీద చెయ్యి వేయకండి! ఎర్ర దీపం చూస్తే బస్సైనా ఆగుతుంది, మీ విమానం ఎలా ఎగురుతుందో మీకే తెలియాలి. అయినా బఠాణీ గింజంత ఎర్ర దీపం, మీటతో సహా పంపుతున్నాను.

అక్క సంగతి నాకు వదిలేయండి. విడిగా ఉత్తరం రాశాను. మీరు డిపో మేడ తలుచుకుని ఇదంతా కట్టారనీ, సీటు ఊడదీస్తానని దిగులుపడుతున్నారనీ, భయపడటంలో సిగ్గేమీ లేదనీ, కావాలంటే కళ్ళు మూసుకుని కూర్చోమనీ నచ్చజెప్పాను. ఒళ్ళో పెట్టుకోవడానికి టార్చిలైటు కూడా పంపాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. నాకైతే చీకటంటే లెక్కే లేదు. దుకాణం కట్టేశాక కూడా దీపాలన్నీ వెలగనిచ్చేది కేవలం వ్యాపారం కోసం. పైన పడుకునేది నేనొక్కణ్ణే, ఏ వేళలోనైనా ఎవరైనా కొనడానికి రావచ్చు కదా.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. నీ ఉత్తరం, టార్చిలైటు చేరాయి. చదువుతూ పగలబడి నవ్వితే, ఏమైందోనని మీ బావ షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చారు. ఏమీ లేదన్నాను.

ఒరేయ్, చీకటంటే భయం నాకు కాదు, నీకు. నాన్న దీపం దగ్గరికి వెళ్ళగానే దుప్పట్లో వణికేవాడివి. దీపాలు అమ్మేవాడి కొడుక్కి చీకటి భయమా అని నాన్న నలుగురిలో నిన్ను ఆటపట్టిస్తారని, నాకే భయమని చెప్పేదాన్ని. నువ్వు హాయిగా నిద్రపోయేవాడివి. నాకు వెలుగులో నిద్ర పట్టేది కాదు. మంచం పక్కనే కిటికీ ఉండేది, గుర్తుందా? చుక్కలు చూద్దామంటే గాజులో దీపమూ, నా ముఖమూ తప్ప ఏమీ కనపడేవి కావు. ఎప్పటికైనా ఆ దీపం ఆర్పి చూడాలనుకునేదాన్ని.

డిపో మేడ మీద కూడా అంతే. చీకటి పడుతుంటే నువ్వొక్కడివే ఇంట్లో ఉన్నావని ప్రాణం కొట్టుకునేది. వచ్చేసరికి మెట్ల మీద పుస్తకం తిరగేసి పట్టుకుని కూర్చునేవాడివి. అన్ని గదుల్లో లైట్లు వేశాకగానీ లోపలికి వచ్చేవాడివి కాదు. పాపం, మీ బావ అది చదువు మీద శ్రద్ధ అనుకునేవారు.

ఇక విమానం ఎందుకు ఎక్కలేదంటావా? సీటు సరిపోయిందో లేదో చూడమని పిలిస్తే వెళ్ళి కూర్చోవడానికి నేనేమైనా బియ్యం బస్తానా? ఎందుకు కడుతున్నారో ఇన్నేళ్ళలో నాతో ఒక్క ముక్క అనలేదురా. ఇన్‌స్పెక్టరుకి చెప్పారు, నీకు రాశారు. నాకు నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. చదవడం పూర్తిచేసి, తిన్నగా షెడ్డులోకి నడిచి, ఎక్కి కూర్చున్నాను. ఆయన చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం ఎగిరాం. నాకోసమని ఎర్ర దీపం బాగా పెంచారు. మీట నేనే తిప్పి, మీటర్ల ముళ్ళు కనపడేంత మాత్రం ఉంచాను. కింద ఒక్కొక్క దీపమే వెలిగింది, పైన ఒక్కొక్క చుక్కే వచ్చింది. ఇంటి దగ్గర ఎవరూ ఎదురుచూడటం లేదు కదా, చివరిదాకా చూశాను. ఏడుపొచ్చింది. చీకట్లో ఆయనకి కనపడలేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
అక్క

తా.క. నీ భయం సంగతి మీ బావకి చెప్పలేదు, చెప్పను. నా భయం తనే పోగొట్టానని వీధంతా చెప్పుకుంటున్నారు. నువ్వు వచ్చినప్పుడు మాత్రం పగలే ఎక్కిస్తాంలే. ఎందుకని ఆయన అడిగితే, నాకు మళ్ళీ భయం పట్టుకుందని చెబుతాను.