రెండు వేళ్ళ గుడ్డ

చిరంజీవి పెద్దోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు మాత్రం మెట్లెక్కినప్పుడల్లా నన్ను తిట్టుకుంటున్నాయి. అక్కడ నువ్వూ మీ నాన్నా గిన్నెలు మాడ్చుకుంటూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెప్పొచ్చుగా, ఉత్తరమెందుకంటావేమో. ఫోన్‌లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనిస్తేగా! కాగితం మీదైతే నోరు మెదపకుండా చివరిదాకా చదువుతావు.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకి తింటున్నాను. చలికి స్వెట్టరు మీద స్వెట్టరు వేస్తున్నాను. గది చిన్నదే. కిటికీ తీస్తే ఎదురింటివాళ్ళు ఆరేసిన చొక్కాలు కనిపిస్తాయి. ఒకదానికి భుజం దగ్గర కుట్టు వంకరపోయింది, చూసినప్పుడల్లా చేతులు దురద పెడుతున్నాయి. నాతోపాటు గదిలో మన భాష పిల్ల ఒకతి ఉంది, సోడాబుడ్డి కళ్ళద్దాలది. మొదటిరోజు "ఆంటీ" అంది. "ఆంటీ ఏంటే, నేనూ నీ క్లాసే" అన్నాను. అప్పట్నుంచి అక్కా అంటోంది. క్లాసులో మాటలు నాకు సగమే అర్థమవుతాయి, మిగతా సగం అది చెవిలో చెబుతుంది.

ఇక అసలు సంగతి. కుట్టుషాపు మూసి నేను ఈ కుట్టుకాలేజీకి వచ్చానని కాబోయే వియ్యపురాలు బాధపడుతున్నారని రాశావు. "పెళ్ళికొడుకు తల్లికి ఈ వయసులో పరాయిదేశంలో చదువేంటండీ, నలుగురూ నవ్వరూ?" అన్నారట. నవ్వనీరా, మనదేం పోయింది! కానీ నువ్వేమన్నావు? "వచ్చేయమ్మా, ఇన్నేళ్ళు కుట్టావు, ఇంకా నేర్చుకునేదేముంది?" అన్నావు. నాకు గుచ్చుకున్నది ఆ మాటే.

నేర్చుకునేదేముందో చెబుతాను విను. మొదటి పరీక్షే తప్పాను.

బట్టలు తొడిగి చూసే నిలువెత్తు బొమ్మకి కోటు కుట్టమన్నారు. నేను షాపులో కుట్టినట్టే, పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టాను. అది వదలకపోతే మన దగ్గర ఎవరు ఊరుకుంటారు? పెళ్ళికి కుట్టించిన జాకెట్టు బిడ్డ పుట్టాక కుట్లు విప్పి వదులు చేసుకోవద్దూ? మా టీచరమ్మ, స్కేలులా నిటారుగా ఉంటుందిలే, కోటు తిరగేసి చూసి "ఇదేంటి?" అంది.

"లావైతే పనికొస్తుందండీ" అన్నాను.

"ఈ బొమ్మ లావవదు" అంది. క్లాసంతా గొల్లుమంది. అందరి ముందూ కత్తెర తీసుకుని ఆ గుడ్డ కత్తిరించి పారేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కుట్టినదాని మీద ఇంకొకరు కత్తెర పెట్టడం ఎప్పుడూ చూడలేదురా.

ఇప్పటిదాకా దాచింది ఇప్పుడు చెబుతున్నాను. మర్నాడు పెట్టె సర్దేశాను. ఆఫీసుకెళ్ళి "మా అబ్బాయి నిశ్చితార్థం, రమ్మంటున్నాడు, చదువు మానేస్తాను" అన్నాను. గుమాస్తా ఆవిడ పాపం నమ్మేసి, నా చేయి పట్టుకుని శుభాకాంక్షలు చెప్పింది. నా మీద నాకే అసహ్యమేసింది. పారిపోతున్నది నేను, అడ్డం పెట్టుకుంటున్నది నిన్ను! "కాస్త ఆగండి, మళ్ళీ వస్తా" అని తిన్నగా క్లాసుకి పోయాను.

బొమ్మ ఒంటి మీద నా కోటే ఉంది. టీచరమ్మ పక్కలు మళ్ళీ కుట్టి తొడిగింది. చుట్టూ తిరిగి చూశాను. ఏడుపొచ్చింది. ఎందుకో తెలుసా? బాగుందిరా! నేను కుట్టినప్పుడు పక్కలు ఉబ్బెత్తుగా లేచాయి, ఇప్పుడు ముడతన్నది లేదు. ఇన్నేళ్ళు కుట్టినా ఆ పని నాకు రాదు. రాదు కాబట్టే ఉంటాను. వస్తే ఈ చలిలో నాకేం పని?

సోడాబుడ్డిని వెంటబెట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. "మీ పద్ధతి నేర్పండి, బొమ్మకి మీలాగే కుడతాను. మనుషులకి మాత్రం నాలాగే గుడ్డ వదులుతాను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "ముందు బొమ్మకి కుట్టి చూపించండి" అంది. ఆ పరీక్ష నీ నిశ్చితార్థం రోజే పెట్టారు.

నేను నిశ్చితార్థానికి రావడం లేదు. ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. నువ్వు అలుగుతావు. అలుగు. వియ్యపురాలు అడిగితే నీళ్ళు నమలకు. "మా అమ్మ పరీక్ష తప్పింది, మళ్ళీ కూర్చుంటోంది" అని అందరికీ వినపడేలా చెప్పు. నువ్వు లెక్కలు తప్పినప్పుడు వీధిలో అడిగినవాళ్ళందరికీ నేనలాగే చెప్పాను. సిగ్గుపడ్డానా?

పెళ్ళికి మాత్రం రెక్కలు కట్టుకుని వాలతాను. నీ పెళ్ళికోటు మొదలుపెట్టాను. పైన కుట్టు టీచరమ్మ పద్ధతే, అది వచ్చేదాకా విప్పి విప్పి కుడతాను. లోపల మాత్రం రెండు వేళ్ళ గుడ్డ వదిలాను. నీ కొలతలూ తెలుసు, మీ నాన్న పొట్టా తెలుసు నాకు. ఎవరి కత్తెరనీ దాని జోలికి రానివ్వను.

ఇట్లు,
రమ్మన్నా రాని
మీ అమ్మ