ఆ పొద్దున అనుకున్న మాట

హార్లో ఫాల్స్, ఒహాయో
జనవరి 21, 2009, బుధవారం

ప్రియమైన మారిత్‌కు,

నువ్వూ, మీవారూ, సిగ్రిడ్ కులాసాగా ఉన్నారనీ, మీ టొలీడోలో మాకన్నా మంచు కాస్త తక్కువే పడిందనీ అనుకుంటున్నాను. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం మెట్లు కనపడగానే మొరాయిస్తున్నాయి. సంగీత కళాశాలలో పని మానేసి ఏడేళ్ళయినా ఇంకా వారానికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పియానో తోడు కావాలని వస్తూనే ఉంటారు. కాదనలేను. చేతులు ఊరుకోవు కదా.

నీ ఉత్తరం పదో తారీకునే అందింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. సిగ్రిడ్ వచ్చి వెళ్ళాక రాద్దామనుకున్నానని చెప్పొచ్చు గానీ అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, నీ ఉత్తరాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని, దాని పక్కనే కాఫీ తాగుతూ, ముట్టుకోకుండా రోజులు గడిపాను.

నువ్వు రాసిన మాటలు కంఠతా వచ్చేశాయి. "సిగ్రిడ్ నా మాట వినడం లేదండీ. వయోలా, భూగర్భశాస్త్రం రెండూ కావాలంటోంది. ఐదేళ్ళు, రెండు డిగ్రీలు, అదీ నేను చేరిన చోటే. నేను వద్దంటే అమ్మ పిరికిది అనుకుంటోంది. నాకేం జరిగిందో మీ నోటితో చెప్పండి. ఆ రోజు పియానో దగ్గరున్నది మీరే. మీరు చెబితే నమ్ముతుంది." కింద, ప్రతి డిసెంబరులో కార్డు మీద రాసే వాక్యమే మళ్ళీ రాశావు: ఆ రోజు మీరు నన్ను ఆదుకున్న తీరు మర్చిపోలేనని. మారిత్, ఆ వాక్యం నాకు రాయొద్దని ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో.

సిగ్రిడ్ శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఒక్కతే కారు నడుపుకుంటూ, ఆ గాలిలో. ఎత్తు నీదే. నవ్వు మాత్రం మీవారిది అయ్యుండాలి, నువ్వెప్పుడూ అంత గట్టిగా నవ్వినట్టు గుర్తులేదు. వయోలా పెట్టె తెరిస్తే లోపలి అరలో విల్లుకి రాసే రోజిన్ బిళ్ళతో పాటు నాలుగు రాళ్ళు.

"ఏం పిల్లా, వయోలా పెట్టెలో ఈ రాళ్ళేంటి?" అన్నాను.

"దార్లో క్వారీ కనపడిందండీ. ఆగకుండా ఎలా వస్తాను?"

"మీ అమ్మ చూస్తే?"

"మా అమ్మకి తెలియని రాళ్ళు కారు డిక్కీలో ఇంకా రెండు బకెట్లున్నాయి," అని గొంతు తగ్గించి చెప్పింది, నువ్వు పక్క గదిలో ఉన్నట్టు.

ముప్పై ఒకటో తారీకు ప్రవేశ పరీక్షకి అనుకున్న రెండు రచనలూ నాతో కలిసి వాయించింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, బాగా వాయించింది. ఒక చోట శ్రుతి జారితే ఆగి, మొహం చిట్లించి, తనని తానే "ఓసి మొద్దూ" అని తిట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఓట్స్ బిస్కట్లు పెడితే ఆరు తినేసింది.

ఆ పిల్లని చూస్తుంటే నువ్వు చేరిన ఏడాది గుర్తొచ్చింది. విస్కాన్సిన్ పాడి పొలాల నుంచి వచ్చావు. ఇటు సంగీత కళాశాల, అటు నువ్వు చరిత్ర చదివే కాలేజీ, మధ్యలో ఆ పెద్ద పచ్చిక. చలికాలంలో వీపు మీద చెల్లో, చంకలో చరిత్ర పుస్తకాలతో దానికి అడ్డంపడి పరిగెత్తుకొచ్చేదానివి. జుట్టు నిండా మంచు. ఈరీ సరస్సు మీద దీపస్తంభాలు కాపలా కాసినవాళ్ళ భార్యల గురించి పరిశోధన రాస్తున్నానని నాకు ఊపిరాడకుండా చెప్పేదానివి. భర్తకి జబ్బు చేస్తే దీపాలు ఎవరు వెలిగించారు, జీతం ఎవరి పేర వచ్చింది అని. నేనేమో నీ జుట్టు తుడుచుకోవడానికి తువ్వాలు అందించేదాన్ని.

మీ చెల్లో మాస్టారు, మా విభాగానికి పెద్ద, క్రోల్ గారు ఊరుకునేవాడా? "మిస్ హౌగెన్, ఇవాళ చెల్లో వాయిస్తారా, ఉపన్యాసం ఇస్తారా?" అని పాఠం మొదలు కాకముందే అంటించేవాడు. నువ్వు విల్లు బిగించుకుంటూ, "చరిత్ర చదివిన రోజే చెల్లో బాగా పలుకుతుందండీ," అనేదానివి. ఆయన మీసం కింద నవ్వు దాచుకోవడం నేను చూశాను. నీకు తెలియదు గానీ, నువ్వంటే ఆయనకి గర్వంగానే ఉండేది.

మూడో ఏడు ఏప్రిల్లో పరీక్ష. అందులో నెగ్గితేనే రెండు డిగ్రీలూ కొనసాగించవచ్చని నియమం. ఆ రోజు గురించి నువ్వు సిగ్రిడ్‌కి ఏం చెప్పావో ఆ పిల్ల నాకు తిరిగి చెప్పింది: పొద్దున అనుకున్న మాట మధ్యాహ్నానికి బుర్రలోంచి జారిపోయిందట, కాన్చెర్టో మధ్యలో అందుకోవాల్సిన చోట అందుకోలేకపోయావట, ఆ కంగారులో మిగతాదంతా పాడైందట, పియానో దగ్గర ప్రాట్ గారు, అంటే నేను, ఎంతో నెమ్మదిగా "ఇక్కణ్ణుంచి, తల్లీ" అని దారి చూపించారట. పరీక్షకులు ముగ్గురూ ఒకే మాట రాశారు. ఈ అమ్మాయి దృష్టి రెండుగా చీలిపోతోంది, ఏదో ఒకటి ఎంచుకోవాలి అని. నువ్వు చరిత్రని ఎంచుకున్నావు. సాధన గది తాళంచెవి తిరిగిచ్చేయడానికి మా గదికొచ్చినప్పుడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చావు. నేను నీ వీపు నిమిరాను.

బిస్కట్లు తిన్నాక సిగ్రిడ్ సూటిగా అడిగింది. "అమ్మ నిజంగానే మర్చిపోయిందా అండీ? అమ్మ సరుకుల చీటీ కూడా రాసుకోదు. అన్నీ గుర్తే ఉంటాయి. అందుకని అడుగుతున్నాను."

నువ్వు అడిగింది చేశాను, మారిత్. "అవునమ్మా, మర్చిపోయింది. రెండు చదువులు ఒక తలకి ఎక్కువ," అన్నాను.

ఆ పిల్ల వయోలాని గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, చాలాసేపు గొళ్ళెం వేయకుండా కూర్చుంది. తర్వాత, "అమ్మకే అలా అయితే నేనెంత? శుక్రవారం కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేసి పరీక్ష వద్దని చెప్పేస్తాలెండి. మళ్ళీ మనసు మారకుండా," అంది. వెళ్ళేటప్పుడు నన్ను కౌగిలించుకుని థాంక్స్ చెప్పింది. అచ్చం నీలాగే.

నువ్వు కోరుకున్నట్టే అయింది. ఇక దిగులు పెట్టుకోకు. మీవారిని అడిగానని చెప్పు.

నీ మేలు కోరే,
లువెల్లా ప్రాట్

తా.క.

గురువారం. పై ఉత్తరాన్ని కవర్లో పెట్టి, అతికించి, పొద్దున్నే పోస్టాఫీసు దాకా తీసుకెళ్ళాను. డబ్బా ముందు నిలబడ్డాను. వెనకున్నాయన "వేస్తారా అమ్మా, జరగమంటారా?" అనేదాకా నిలబడ్డాను. జరిగాను. ఇంటికొచ్చి కవరు చింపి ఇది రాస్తున్నాను.

నువ్వేమీ మర్చిపోలేదు.

ఆ కాన్చెర్టోలో చెల్లో లేకుండా వాద్యబృందం ఒక్కటే వాయించే పెద్ద భాగం ఉంది కదా, పరీక్షల్లో పియానో మీద నేను వాయించేది. ఆ సేపు నువ్వు విల్లు దించి ఆవర్తాలు లెక్కపెట్టుకునేదానివి. సాధన చేసినన్నాళ్ళూ మనం దాన్ని కత్తిరించి, చివరి కొసరు మాత్రం వాయించేవాళ్ళం. పరీక్ష రోజు పొద్దున నువ్వు కోట్లు తగిలించే చోట నన్ను ఆపావు. "ప్రాట్ గారూ, ఇవాళ మాత్రం మొత్తం వాయిద్దామండీ. అక్కడ ఎడమ చేతికి కాస్త విశ్రాంతి కావాలి," అన్నావు. నేను ఒక చేయి కోటులోంచి తీస్తూ, "సరే, మొత్తం," అన్నాను.

మధ్యాహ్నం నా వేళ్ళు అలవాటు చొప్పున కత్తిరించిందే వాయించాయి. నువ్వు లెక్కపెడుతూనే ఉన్నావు. నువ్వు అందుకోవాల్సిన చోటికి నేను ముందే వచ్చేశాను. చెల్లో పలకలేదు. తప్పు నాదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పరీక్షకులకి తెలియదు, వాళ్ళు ఎప్పుడూ కత్తిరించిందే వింటారు. క్రోల్ గారికీ తెలియదు. నేను తల తిప్పి, "ఇక్కణ్ణుంచి, తల్లీ," అన్నాను. నేనే దారి తప్పించి, నేనే దారి చూపించాను.

ఆ పని అక్కడితో ఆగి ఉంటే ఇంత పాపం అయ్యేది కాదు. బయటికొచ్చాక వసారాలో నువ్వు తెల్లబోయిన మొహంతో అడిగావు, "మొత్తం వాయిద్దాం అనుకున్నాం కదండీ?" అని. నిందించలేదు. అడిగావంతే. నేను నీ కళ్ళల్లోకి చూసి, "లేదమ్మా, చిన్నదే అనుకున్నాం. నిద్ర లేక నీకలా అనిపిస్తోంది," అన్నాను. నువ్వు నమ్మావు. వారం రోజులుగా దీపస్తంభాల పరిశోధనతో నిద్రలేని మాట నిజమే కాబట్టి నీ మాట కన్నా నా మాటే నమ్మావు. ఆ రోజు నుంచి నీ బుర్ర మీద నీకే నమ్మకం పోయింది. దాన్ని పోగొట్టింది నేనే.

ఎందుకన్నానో చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. నాది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఫిబ్రవరిలో ఒక గాయని పరీక్షలో రెండు చోట్ల తడబడ్డాను. ఇంకోసారైతే వచ్చే ఏడు వేరొకరిని చూసుకుంటామని క్రోల్ గారు ముఖం మీదే చెప్పాడు. పదిహేడో ఏట నుంచి పియానో తప్ప ఇంకేదీ నేర్వలేదు నేను. మా రోజుల్లో సంగీతం అంటే సంగీతమే, ఇంకో చదువు వైపు చూస్తే నామోషీ. ఇది పోతే ఏం చేసి బతకాలో తెలియదు. నీకేం, నీకు చరిత్ర ఉంది, ఇంకో తలుపు తెరిచే ఉంది అనుకున్నాను. నిన్ను చూసి కుళ్ళుకున్నానని కూడా ఒప్పుకోవాలి. నీ చేతిలో రెండు ఉన్నాయి కదా, ఒకటి పోతే ఏం అని. అందులో ఏది నీకు ప్రాణమో నేనే తేల్చేశాను.

పరీక్షకుల నిర్ణయం వచ్చాక వెళ్ళి చెబుదామనుకున్నాను. రెండు రోజులు ఆగాను. తర్వాత వారం అయింది. తర్వాత నువ్వు తాళంచెవి తెచ్చావు. ఆ తర్వాత డిసెంబరు కార్డులు రావడం మొదలైంది.

నీకు జరిగింది ఒక ఎత్తు. మొన్న శనివారం నీ కూతురి మొహం మీదే మళ్ళీ అదే అబద్ధం చెప్పడం ఇంకో ఎత్తు. ఈసారి నాకు పోయే ఉద్యోగం కూడా లేదు. సిగ్గు తప్ప ఇంకేం అడ్డం లేదు.

ఈ ఉత్తరం అందేసరికి శుక్రవారం దాటిపోతుంది. అందుకని ఇందాక మీ ఇంటికి ఫోన్ చేశాను, నువ్వు బడిలో ఉంటావని తెలిసే చేశాను. బడి పరీక్షలకి చదువుకోవడానికి ఇంట్లోనే ఉందట, సిగ్రిడ్ తీసింది. అంతా చెప్పాను. ఆ పిల్ల చివరిదాకా వింది. తర్వాత, రేపు ఆఫీసుకి ఫోన్ చెయ్యనని చెప్పింది. "ముప్పై ఒకటిన పియానోకి వేరేవాళ్ళని చూసుకుంటానండీ," అని కూడా చెప్పింది. మర్యాదగానే చెప్పింది. సరేనన్నాను.

"సాయంత్రం మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పనా?" అని అడిగాను.

"వద్దు. ఫోన్లో అయితే మీరు ఏడుస్తారు, అమ్మ మిమ్మల్నే ఓదారుస్తుంది," అంది. "రాసి పంపండి. మా అమ్మ చరిత్ర టీచరండీ. కాగితం మీద తేదీ, సంతకం ఉంటేనే నమ్ముతుంది."

అందుకని రాస్తున్నాను. 1979 ఏప్రిల్ 12, గురువారం ఉదయం, సంగీత కళాశాల మొదటి అంతస్తులో కోట్లు తగిలించే చోట, మొత్తం వాయిద్దామని మారిత్ హౌగెన్ అడిగింది. సరేనని నేను మాటిచ్చాను. మర్చిపోయింది నేను. ఆ అమ్మాయి లెక్క తప్పలేదు.

లువెల్లా ప్రాట్
జనవరి 22, 2009