కదలని మీటరు

చెల్లాయీ,

ఫోనులో అంబులెన్సు మోత విని హడలిపోయావట. అది నాకోసం వచ్చింది కాదు, నేను క్షేమం. నోటితో చెబితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

ఈ యూనివర్సిటీలో పైపులన్నీ పాతబడి చిల్లులు పడ్డాయి. ఇళ్లకు తాళాలేసున్నా నీళ్ల మీటర్లు తిరుగుతూనే ఉండేవి. స్టాఫ్ క్వార్టర్స్‌కి కొత్త పైపులు వేసి, మీటర్లను నా కంప్యూటరుకి కలిపారు. సెలవుల్లో ఒకరోజు, ఒంటరిగా ఉండే లైబ్రేరియన్‌గారి ఇంటి వాడకం సున్నా చూపించింది. "చూశారా, చుక్క కారడం లేదు!" అని ఆఫీసులో అందరినీ పిలిచి చూపించాను. మా ఇంజినీరు మురిసిపోయాడు. మర్నాడూ సున్నాయే. అప్పుడు తట్టింది నాకు. లైబ్రేరియన్‌గారు ఊరెళ్లలేదు. ఇంట్లో మనిషి ఉండి నీళ్లు వాడకపోవడమేమిటి?

తలుపు పగలగొట్టించాం. వంటింట్లో తుంటి విరిగి పడి ఉన్నారు. కుళాయి తలపైనే ఉంది, చెయ్యి అందలేదు. "నీళ్లమ్మా" అన్నారు, అంతే. ప్రాణభయం లేదన్నాడు డాక్టరు. నాకే ముద్ద దిగడం లేదు.

నా నల్లగొడుగు మీ ఇంట్లోనే మరిచిపోయానా? పాపకి దగ్గు తగ్గిందా? దానికి పెద్దమ్మ ముద్దులు. మరిదిగారిని అడిగానని చెప్పు.

చోటు చాలక అంచున ఇరికిస్తున్నాను. పక్కవాటా మామ్మగారు తెల్లారకుండానే కుళాయి తిప్పి నీ నిద్ర చెడగొడుతున్నారని రాశావు. ఆవిణ్ణి ఏమీ అనకు. ఆ చప్పుడు వినపడని రోజున, పనులన్నీ పక్కన పెట్టి వెళ్లి తలుపు కొట్టు.

అక్క